ఇన్‌హేలర్ అంటే వణుకు, బెట్నోవేట్ అంటే ముద్దు

ఇప్పుడే మందుల షాపు దగ్గర కళ్లారా చూశా. ఒకావిడ "ముఖానికి రాసుకునే బెట్నోవేట్ ఇవ్వు బాబూ, పెళ్లికెళ్లాలి" అంది. కుర్రాడు చీటీ అడిగాడా? "చిన్నదా, పెద్దదా?" అనడిగాడు! ఆ బెట్నోవేట్ స్టెరాయిడ్ అండీ, వాపూ దురదా అణిచే గట్టి మందు. 2018లో ప్రభుత్వం పద్నాలుగు స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, చీటీ లేనిదే అమ్మొద్దని. తెచ్చింది లెండి, ఎవడిక్కావాలి.

మొదటి పది రోజులు ముఖం నిగనిగలాడుతుంది, రంగు తేలినట్టుంటుంది. నెలలు గడిస్తే చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు. మానేస్తే భగ్గున మండుతుంది. మంటకి మందేంటి? మళ్లీ అదే ట్యూబు! ఇక తామర మీద రాసే మేధావులు వేరే. దురద ఆగుతుంది, కింద ఫంగస్ ఒళ్లంతా పాకుతుంది.

తమాషా ఏంటంటే, ఇదే జనం పిల్లాడి ఆస్తమాకి ఇన్‌హేలర్ రాస్తే "అమ్మో స్టెరాయిడ్, అలవాటైపోద్ది" అంటారు. అందులో ఒక్క పీల్పుకి ఉండేది బుడెసోనైడ్ అనే స్టెరాయిడ్, మామూలుగా ఓ 200 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో ఐదో వంతు, అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకి. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో తెల్లపూత వచ్చే అవకాశం తగ్గుతుంది. దానికి భయం. ఆయాసం వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్ బిళ్లలు మింగించడానికి మాత్రం భయం లేదు.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. మోకాళ్ల నొప్పులకి మందు పేరు చెప్పకుండా చేతిలో పెట్టే బిళ్లల పొట్లం! తెల్లదొకటి, పచ్చదొకటి, పేరులేని చిన్న బిళ్లొకటి. ఆ చిన్నదే చాలాసార్లు డెక్సామెథాసోన్, అదీ స్టెరాయిడే. బిళ్ల చిన్నదైనా దెబ్బ పెద్దదే: 0.75 మిల్లీగ్రాముల డెక్సా, ప్రెడ్నిసొలోన్ అనే మరో స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములతో సమానం. మర్నాటికి ముసలాయన చకచకా నడుస్తాడు, "డాక్టరుగారి హస్తవాసి" అంటారు. కొన్ని నెలలకి ముఖం గుండ్రమైతే "ఒళ్లు చేశాడు" అని మురిసిపోతారు. షుగర్ ఎగబాకడం, ఎముకలు గుల్లవడం, తుంటి కీలుకి రక్తం అందక అరిగిపోవడం హస్తవాసి ఖాతాలో రాయరు.

పైగా పొట్లాలు అయిపోగానే టక్కున ఆపేస్తారు. మూడు వారాలు దాటి వాడితే మూత్రపిండాల మీదుండే, ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయండీ. అవి లేచేదాకా డాక్టరు మోతాదు మెల్లమెల్లగా దించాలి. లేదంటే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం. అప్పుడే జ్వరమో ఆపరేషనో వస్తే ప్రాణం మీదికే. డాక్టరు చీటీ మీద రాసిచ్చిన స్టెరాయిడ్ బిళ్లైతే పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవాలి, వాడుతున్నట్టు ప్రతి డాక్టరుకీ చెప్పాలి. కానీ పొట్లం మింగే ముసలాయన ఏం చెబుతాడు పాపం, తను తిన్నదేంటో తనకే తెలీదు.

బిళ్ల పేరు కాగితం మీద రాయమంటే "మా మీద నమ్మకం లేదా?" అంటారు. లేదండీ. రాయండి.