కె నంబర్ చూసి పికప్ కొనమని చెప్పేది ఇంకెన్నాళ్లప్పా?

మన అనంతపురం గిటార్ గ్రూపులో ఈ పొద్దు ఒక పిలగాడు అడిగినాడు. చర్చిలో వాయిస్తాడంట, పెండ్లి ఆర్కెస్ట్రాలకు కూడా పోతాడంట. బ్రిడ్జ్‌లో ఒకటే హంబకర్ (రెండు కాయిళ్లు, అంటే రెండు రాగి తీగ చుట్టలు ఉండే పికప్; గిటార్ మోతను కరెంటు సిగ్నల్‌గా మార్చేదే పికప్) పెట్టుకోని క్లీన్ (తేట శబ్దం) నుంచి డిస్టార్షన్ (గరగరలాడే శబ్దం) దాకా అన్నీ లాగాల, ఏది తీసుకోమంటారు అని. మంచి ప్రశ్న. జవాబులు చూస్తే ఒళ్లు మండిపోయింది. "ఎక్కువ కె (కిలో ఓమ్‌లు) ఉండేది తీసుకో తమ్ముడూ, పదహారు దాటితే పవరే పవరు" అని ఒకరి తర్వాత ఒకరు. ఒక షాపాయన అయితే మల్టీమీటర్ ఫోటోనే పెట్టినాడు, 17 చూపిస్తాంది, హై అవుట్‌పుట్ గ్యారంటీ అని.

ఆ మీటర్ కొలిచేది పికప్‌లో చుట్టిన రాగి తీగ రెసిస్టెన్స్‌ని, అంటే కరెంటుకు పడే అడ్డాన్ని. అవుట్‌పుట్‌ని కాదు. తీగ సన్నగా ఉంటే చుట్లు పెరక్కపోయినా రెసిస్టెన్స్ పెరుగుతాది. బోరుకు సన్న పైపు వేసి, నీళ్లకు అడ్డం ఎక్కువైంది కాబట్టి నీళ్లు కూడా ఎక్కువొస్తాయి అంటే మన రైతు ఒప్పుకుంటాడా? పికప్‌లు చేసే డిమార్జియో కంపెనీ వాళ్లు ఇచ్చిన లెక్కలే చూడండి. వాళ్ల టోన్ జోన్ పికప్ 17.3 కె, అవుట్‌పుట్ 375 మిల్లీవోల్టులు. సూపర్ డిస్టార్షన్ 13.7 కె, అవుట్‌పుట్ 425. కె తక్కువ ఉండేదే గట్టిగా మోగుతాది, దాంట్లో ఉండేది సెరామిక్ మాగ్నెట్ గనక. 1972 నుంచి మార్కెట్లో ఉండే పికప్ అది. ఇంకా ఈ మాట నేర్చుకోకపోతే ఎట్ల?

ఇంకోటి, రాగికి వేడి తగిలితే డిగ్రీకి 0.39 శాతం రెసిస్టెన్స్ పెరుగుతాది. జనవరి పొద్దున 25 డిగ్రీల్లో 16.4 చూపించిన పికప్పే మన మే నెల మధ్యాహ్నం 42లో 17.4 దాటి చూపిస్తాది. ఎండకు పవర్ పెరిగిందా?

ఆ పిలగానికి చెప్పాల్సింది మాగ్నెట్ గురించి, తీగ గురించి, అన్నిటికంటే ముందు వైర్ల గురించి. సేమౌర్ డంకన్ కంపెనీ జేబీ పికప్ తీసుకుంటే ఆల్నికో 5 మాగ్నెట్, 44 గేజ్ తీగ (గేజ్ నంబర్ పెరిగేకొద్దీ తీగ సన్నం), సుమారు 16.4 కె. లీడ్ బాగా ముందుకొస్తాది, కానీ గిటారే రొంత కీచుగా ఉంటే పై మిడ్స్ (నడిమి స్వరాల్లో పైవి) చెవుల్లో గుచ్చుతాయి. అట్లాంటి గిటార్‌లో వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే రెసిస్టర్) 500కె తీసేసి 250కె వేస్తే ఆ పదును దిగుతాది. అదే కంపెనీ కస్టమ్ అయితే 43 గేజ్ తీగ, సెరామిక్, సుమారు 14 కె. రిఫ్ బిగుతుగా వస్తాది. దాంట్లోనే ఆల్నికో 5 వేసింది కస్టమ్ 5. అన్ని రకాల పాటలకు ఒకటే పికప్ కావాలంటే నా ఓటు దానికే. మిడ్స్ రొంత తగ్గి ఉంటాయి, క్లీన్ తేటగా పలుకుతాది, గెయిన్ (డిస్టార్షన్ పెంచేది) ఎక్కిస్తే వెనక్కి తగ్గదు.

క్లీన్‌కు కాయిల్ స్ప్లిట్ చెయ్ అని కూడా ఒకాయన చెప్పినాడు. స్ప్లిట్ చేస్తే ఒక కాయిలే మిగిలి హమ్ మళ్లీ మొదలవుతాది. మన పెండ్లి స్టేజీల మీద సీరియల్ సెట్లు, డిమ్మర్లు, ఎర్తింగ్ లేని జనరేటర్. పల్లవి అయిపోయి గాయకుడు ఆగినప్పుడల్లా స్పీకర్లో ఝుమ్మని హమ్. స్ప్లిట్ వద్దు, ప్యారలల్ వెయ్యండి. పుష్-పుల్ పాట్‌తో (లాగితే స్విచ్‌లా పనిచేసే నాబ్) కాయిళ్లను సిరీస్ (ఒకదాని వెనక ఒకటి) నుంచి ప్యారలల్‌కు (పక్కపక్కన) మార్చుకోవచ్చు. రెండు కాయిళ్లూ పనిచేస్తాయి కాబట్టి హమ్ రాదు, ఇండక్టెన్స్ (పై స్వరాలను అణిచే కాయిల్ గుణం) దాదాపు నాలుగో వంతుకు పడి గొంతు తేటపడతాది. మామూలు 8 కె పికప్‌ను ప్యారలల్ చేస్తే శానా పలచబడిపోతాది. హై అవుట్‌పుట్ పికప్ అయితే వాడుకునేంత బలం మిగులుతాది. హై అవుట్‌పుట్ కొనేదానికి అసలు కారణం నా లెక్కలో ఇదే, డిస్టార్షన్ కాదు. గెయిన్ కావాలంటే ఎఫెక్ట్స్ ప్రాసెసర్లో కావాల్సినంత ఉంది.

కానీ ప్యారలల్ కావాలంటే కాయిల్‌కు రెండు చొప్పున నాలుగు వైర్లూ ఉండాల. నా అసలు కడుపుమంట ఇక్కడే ఉంది. ఇక్కడ రిపేర్ చేసేవాళ్లు కొందరు హాట్ (సిగ్నల్ వైరు) ఒకటి, ఎర్త్ ఒకటి టంకం పెట్టి, మిగిలిన రెండిట్నీ కలిపి మెలేసి, మొదలుకంటా కత్తిరించేస్తారు. అడిగితే "అవి ఎగస్ట్రా వైర్లన్నా" అంటారు. ఎగస్ట్రా ఎట్లవుతాయప్పా? పిలగాడు నెలల తరబడి దాచుకోని కొన్న పికప్‌లో సగం పని ఆ రెండు వైర్లలో ఉంది! రంగులైనా చూస్తారా అంటే అదీ లేదు. డంకన్‌లో నలుపు హాట్, ఆకుపచ్చ, బోడి తీగ ఎర్త్, ఎరుపు తెలుపు కలపాల. డిమార్జియోలో ఎరుపు హాట్, ఆకుపచ్చ, బోడి తీగ ఎర్త్, నలుపు తెలుపు కలపాల. డిమార్జియో రంగులు పట్టుకోని డంకన్‌కు వేస్తే ఒక కాయిలే మోగుతాది, డంకన్ రంగులు డిమార్జియోకు వేస్తే రెండు కాయిళ్లూ ఒకదానికొకటి ఎదురు తిరిగి శబ్దం పలచబడిపోతాది. అప్పుడు పికప్ డూప్లికేట్ అని పిలగాన్ని తిడతారు. నెక్ పికప్ వేరే కంపెనీది అయితే రెండూ కలిపినప్పుడు ముక్కుతో పాడినట్లు పలచగా వస్తాది, ఫేజ్ తిరగబడి. దానికి పికప్ మార్చాల్సిన పని లేదు. హాట్‌నూ ఆకుపచ్చనూ అటుదిటు చేసి, బోడి తీగను మాత్రం ఎర్త్ మీదనే ఉంచితే సరిపోతాది.

తమ్ముడూ, నువ్వు చూస్తాంటావని రాస్తాన్నా. ఫ్లాయిడ్ రోజ్ గానీ స్ట్రాట్ రకం బ్రిడ్జ్ గానీ ఉంటే వెడల్పు స్పేసింగ్ ఉండేది అడుగు, డంకన్‌లో దాన్ని ట్రెంబకర్ అంటారు. పెట్టినాక చివరి ఫ్రెట్ నొక్కిపట్టి, గిటార్ తీగకూ పికప్ మీద కనపడే పోల్‌కూ (ఇనుప మొన) మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్లు వదులు. క్లీన్ ప్యాచ్ పగిలితే ప్రాసెసర్‌ను తిప్పొద్దు, ముందు పికప్‌ను ఇంకొంచెం దించు. వాల్యూమ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ చచ్చిపోతే పాట్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్ల మధ్య 150కె రెసిస్టర్, 680 పికోఫారడ్ కెపాసిటర్ ప్యారలల్‌గా వేయించు. సెకండ్ హ్యాండ్ కొంటే వెనక్కి తిప్పి వైర్లు చూడు. అరంగుళం మిగిలుంటే అతికించి హీట్ ష్రింక్ తొడగొచ్చు. పికప్ అడుగు ప్లేటు దగ్గరికే కోసేసి ఉంటే మాత్రం ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.