ఆ లైట్లు ఆపండి!

బరంపురం నుంచి పిల్లల్ని తీసుకుని, ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఒడ్డుకు వెళ్లాం. ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే రోజులు. ఎటు చూసినా ఫోన్ లైట్లే! సముద్రం మీది వెలుగును బట్టే అవి నీళ్లవైపు పాకుతాయి. మొహాన టార్చి వేస్తే ఎటు పోతాయి? అరచేతిలో సగం కూడా లేని పిల్ల ఒకటి, ఒళ్లంతా ఇసుకతో, సెల్ఫీలు దిగేవాళ్ల చెప్పుల దగ్గరికే వచ్చేసింది. "అన్నా, లైటు ఆపండి" అంటే "నీకెందుకు?" అన్నారు. నాకెందుకా? 1972 వన్యప్రాణి చట్టంలో పులితో పాటు, అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉన్న ప్రాణి అది! చిప్స్ ప్యాకెట్లు, సీసాలు, స్పీకర్లో పాటలు. ఇంకొకడైతే గుడ్లున్న ఇసుక మీదే బైక్ తిప్పాడు. కడుపు రగిలిపోయింది. ఇంటికొచ్చేదాకా మా చిన్నది ఒకటే ప్రశ్న: "ఆ పిల్ల నీళ్లలోకి వెళ్లిందా నాన్నా?"