ఉగాది స్టేజీకి ప్లాస్టిక్ దండలు కొనొద్దు

విదేశంలో ఉన్న మన తెలుగు సంఘం డిసెంబరులో అనంతపురంలో ఒక బడిలో జరిపిన సేవా కార్యక్రమం ఫొటోలు అందరూ చూసే ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, స్కాలర్‌షిప్ చెక్కులు, అన్నీ ఉన్నాయి. ఆ బడి పిల్లలు చేసిన పూలు మాత్రం ఒక్క ఫొటోలోనూ లేవు. పాత పేపర్లు, గుడ్ల ట్రేలు పోగేసి తంగేడు, మోదుగ పూలు చేసి ముందురోజే స్టేజీకి కట్టారు వాళ్లు. పొద్దున డెకరేషన్ వాళ్లొచ్చి వాటిని విప్పేసి ప్లాస్టిక్ బంతిపూల దండలు వేలాడదీశారు. "వీడియోలో రిచ్‌గా కనపడాల కదా మేడమ్" అన్నారు. నేను వద్దన్నాను. మన వాళ్లు మాత్రం టైమ్ లేదని సర్దిచెప్పారు. స్టేజీ వెనక కుప్పగా పడున్న పూలను చూసి ఒక పాప "మావి బాగలేవా అక్కా?" అని అడిగింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఆ పూలు చాలా బాగున్నాయి. నేర్పింది మా చిన్నమ్మ. అనంతపురం పాతూరులో ఉంటుంది. చిన్నప్పుడు పీర్ల పండగకు వీధిలో హిందువులూ ముస్లింలూ కలిసి సావిడికి రంగు కాగితాల పూలు కట్టేవాళ్లు, అప్పుడు పట్టిన కత్తెర ఇప్పటికీ వదల్లేదు. ఆమె పద్ధతిలో మొదటి పని పువ్వును చూడటం. ఊరి బయట రోడ్డు పక్క నుంచి తంగేడు తెప్పించి, రెక్కలు విడదీసి, కాగితం మీద పెట్టి గీయించింది. ఐదు రెక్కలు, ముడతల అంచులు, నడుమ పది కేసరాలు. రోజూ బడికొచ్చే దారిలో ఉన్న పువ్వే, అయినా పిల్లలు దాని కేసరాలు లెక్కపెట్టింది ఆ రోజే.

న్యూస్‌పేపరును ముందు చించి చూడమంటుంది. ఒకవైపు తిన్నగా చినుగుతుంది, రెండోవైపు వంకర పోతుంది. తిన్నగా చినిగే వైపు రెక్క పొడవుకు వచ్చేలా కత్తిరిస్తే రెక్క నిలబడుతుంది, అడ్డంగా కత్తిరిస్తే వాలిపోతుంది. పసుపు నీళ్లలో ముంచి నీడన ఆరేస్తే తంగేడు రంగు వస్తుంది. ఎండలో పెడితే వెలిసిపోతుంది. అదే పసుపుకు సున్నపు తేట తగిలిస్తే పారాణి ఎరుపు. అది మోదుగకు. మోదుగ డిసెంబరులో పూయదు కాబట్టి నిరుడు ఎండబెట్టి దాచిన పువ్వు తెచ్చి చూపించింది. దాని రెక్క చిలక ముక్కులా వంగాలి. అందుకే గుడ్ల ట్రే నానబెట్టి, తడి మీదే వేలికి చుట్టి వంచాలి. కాడకు చీపురు పుల్ల. అతికించడానికి ఉడికించిన మైదా. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తుంది. అది విషం కాబట్టి పిల్లల చేతికివ్వదు, తనే కలుపుతుంది.

మన ఊళ్లలో అన్నీ సవ్యంగా ఉన్నాయని నేననను. అనంతపురంలో ఎన్నో గుమ్మాలకు ప్లాస్టిక్ తోరణం ఏడాది పొడుగునా వేలాడుతోంది. దుమ్ము పట్టి, రంగు వెలిసినా తీయరు. మామిడాకు దొరికే ఊళ్లో ఇదేం పనో నాకర్థం కాదు. 2022 జులై 1 నుంచి దేశంలో డెకరేషన్ థర్మోకోల్ నిషేధం. ఆ జాబితాలో ప్లాస్టిక్ పూలు లేవు, అవి బజారు నిండా ఉన్నాయి.

కార్యవర్గం వాదన కూడా విన్నాను. ప్లాస్టిక్ దండ మళ్లీ మళ్లీ వాడొచ్చు, కాగితం ఒక్క వానకే పాడవుతుంది, వాలంటీర్లకు తీరిక లేదు, హాల్ వాళ్ల ఫైర్ రూల్స్ ఉన్నాయి. ఇవన్నీ నిజమే. మన స్టోరేజీలో ఉన్న దండలను పారేయమని నేను అడగటం లేదు. చిరిగేదాకా వాడుదాం, కొత్తవి మాత్రం కొనొద్దు. మన పిల్లలకు తంగేడు ఎలా ఉంటుందో తెలియదు. కొన్న దండ వాళ్లకు అది చెప్పదు. కూర్చుని ఒక్క పువ్వు చేస్తే తెలుస్తుంది. ఇక అనంతపురం పిల్లలకు కార్యవర్గం ఒక ఉత్తరం రాయాలి, వాళ్ల పూలను తీసేసింది తప్పని ఒప్పుకోవాలి.

ఉగాదికి ఇంకా టైముంది. మన పిల్లల మనబడి తెలుగు క్లాసుల్లో ఒక్క శనివారం ఈ పనికి ఇవ్వండి, చిన్నమ్మ వీడియో కాల్‌లో నేర్పుతానంది. ప్యాకింగ్‌లో వచ్చే గోధుమరంగు కాగితం, పాత పేపర్లు దాచండి. నున్నటి పెళ్లి కార్డులకు పసుపు పట్టదు, కానీ పచ్చరంగువి ఆకులకు పనికొస్తాయి. డెకరేషన్ కమిటీలో నా పేరు రాసుకోండి. జిగురు నేను ఉడికించి తెస్తాను, మీరు కత్తెరలు తెండి. దీపం దగ్గర మాత్రం కాగితం వద్దు, అక్కడ నాలుగు నిజం పూలు పెడదాం.