పాత ఐప్యాడ్‌కు ప్రాణప్రతిష్ఠ: ఒక విధాన ప్రతిపాదన

జనంలో ఓర్పు నశించిపోయిందని పెద్దలు వాపోతుంటారు. వాళ్లెవరూ 2011 నాటి ఐప్యాడ్ 2ను కంప్యూటర్‌కు తగిలించి ఫర్మ్‌వేర్ రీస్టోర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం, చేసినట్టు లేదు. చేసి ఉంటే మనిషిలో ఇంకా ఎంత ఓర్పు మిగిలుందో, అది ఎంత త్వరగా ఖర్చవుతుందో కూడా తెలిసేది.

ఇలాంటి ఐప్యాడ్‌లు మన ఇళ్లకు చేరే దారి తెలిసిందే. అమెరికాలో అబ్బాయి కొత్తది కొనుక్కుంటాడు. సెలవులకొచ్చినప్పుడు పాతది నాన్న చేతిలో పెట్టి పోతాడు. ఒకరోజు అది యాపిల్ బొమ్మ దగ్గర ఆగిపోతుంది. అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ మధ్యాహ్నం, వీడియో కాల్‌లో వైద్యం మొదలవుతుంది.

"నాన్నా, హోమ్ బటన్, పవర్ బటన్ కలిపి నొక్కు. పది సెకన్లయ్యాక పవర్ వదిలెయ్. హోమ్ మాత్రం వదలొద్దు."

"వదిలేశానురా."

"ఏది?"

"రెండూ."

మళ్లీ మొదలు. కాసేపటికి, "ఇప్పుడు తెర మీద ఏమైనా వచ్చిందా?"

"ఏమీ రాలేదురా. నల్లగా ఉంది. పోయినట్టుంది."

"హమ్మయ్య! అదే కావాలి నాన్నా!"

దీన్నే డీఎఫ్‌యూ మోడ్ అంటారు, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించుకోవడానికి ఐప్యాడ్ సిద్ధమయ్యే స్థితి. యాపిల్ బొమ్మ కనిపిస్తే తప్పినట్టు, ఏమీ కనిపించకపోతే నెగ్గినట్టు. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడగడం మానేసి ఈ బటన్లు నొక్కించి చూడాలని నా ప్రతిపాదన. ఏది ఎప్పుడు వదలాలో, ఏది అస్సలు వదలకూడదో తెలిసినవాడికి పిల్లనివ్వొచ్చు.

తర్వాతది డౌన్‌లోడ్. మామూలు రికవరీ మోడ్‌లో పెట్టి ఉంటే, కంప్యూటర్ ఫైలు దించుకోవడానికి పదిహేను నిమిషాలు దాటితే ఐప్యాడ్ విసుగొచ్చి ఆ మోడ్‌లోంచి బయటికొచ్చేస్తుంది. బటన్ల పని మళ్లీ మొదటికొస్తుంది. ఆ పైన ఎర్రర్ 9, 4013. వీటికి చెప్పే మందు ఒకటే: కేబుల్ మార్చండి, యూఎస్‌బీ పోర్టు మార్చండి, వేరే కంప్యూటర్‌లో ప్రయత్నించండి. ఇల్లు మారమని ఇంకా అనలేదు, అందుకు సంతోషించాలి.

అసలు ఘట్టం అనుమతి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. ఫైలు మీ దగ్గరుంది, కేబుల్ బాగుంది, ఐప్యాడ్ మీ ఒళ్లోనే ఉంది. అయినా కంప్యూటర్ ఆ ఐప్యాడ్ సొంత నంబరు పట్టుకెళ్లి యాపిల్ సర్వర్‌ను అడుగుతుంది: "అయ్యా, ఈ వర్షన్ ఎక్కించుకోవచ్చా?" అక్కడ సంతకం పడితేనే ఇక్కడ కదలిక. నవంబరు రాగానే పింఛనుదారు తాను బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవడం లేదా? ఇదీ అంతే. సర్వర్‌తో మాట కలవకపోతే ఎర్రర్ 3194 వచ్చి, మరోసారి రమ్మంటుంది.

డబ్బు పెట్టి కొన్నాం, మళ్లీ అడగడమేమిటని కొందరు అమాయకులు గొడవ చేస్తారు. మీరు కొన్నది గాజు, అల్యూమినియం. బిల్లులో ప్రాణం గురించి ఎవరైనా రాశారా? పుట్టినప్పుడు ఇది ఐఓఎస్ (దీన్ని నడిపే యాపిల్ సాఫ్ట్‌వేర్) 4.3తో చకచకా తిరిగేది. ఆ 4.3 ఫైలు మీరు భద్రంగా దాచుకున్నా సంతకం పడదు. వైఫై మోడల్‌ను కంప్యూటర్‌తో రీస్టోర్ చేస్తే 9.3.5 ఎక్కించుకోవాల్సిందే. ఆ బరువు మోయలేక అది ఆయాసపడుతుంది. పాత వర్షన్లలో లోపాలుంటాయి, దొంగలు దూరతారు, ఇదంతా మీ భద్రత కోసమే అంటారు. న్యాయమే. 9.3.5 కూడా 2016 ఆగస్టు నాటిదే కదా, ఆ తర్వాత బయటపడ్డ లోపాల మాటేమిటని మాత్రం అడగకండి. పెద్దల ముందు అలా మాట్లాడకూడదు.

మొబైల్ నెట్‌వర్క్ ఉన్న ఐప్యాడ్ 2ల్లో సీడీఎంఏ రకం మీద 2019లో కాస్త దయ కలిగింది. ఆ ఏడాది నవంబరు 3 తర్వాత జీపీఎస్ లెక్క తిరగబడి చోటు, తేదీ తప్పుగా చూపించకుండా 9.3.6 ఇచ్చారు. వైఫై మోడల్‌కు జీపీఎస్సే లేదు కాబట్టి దారి తప్పే భయమూ లేదు, కొత్త వర్షన్ పొందే యోగమూ లేదు.

ఇన్నీ దాటాక తెర మీద "హలో" వస్తుంది. నాన్న కళ్లు చెమర్చే లోపే యాక్టివేషన్ లాక్ అడ్డం తిరుగుతుంది. అబ్బాయి ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ చెప్పాలి. చెప్పేదాకా సొంతింట్లో, సొంత కుర్చీలో కూర్చున్న రిటైర్డ్ హెడ్మాస్టరు గారు దొంగసొత్తు పట్టుకున్న అనుమానితుడే.

చివరికి అదీ దొరుకుతుంది. యాప్ స్టోర్‌లో ఏది నొక్కినా కొత్త ఐఓఎస్ కావాలంటుంది. సరే, కొత్తదే వేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్లి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ నొక్కితే చక్రం కాసేపు తిరిగి, ఏ బెరుకూ లేకుండా చెబుతుంది: "ఐఓఎస్ 9.3.5. మీ సాఫ్ట్‌వేర్ తాజాగా ఉంది."