నాలుగో కాలు

(బ్రిటన్‌లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో కూతురి ఇల్లు. తెల్లారితే మార్చి 1, సెయింట్ డేవిడ్ పండగ. మనవడు బడికి పట్టుకెళ్ళాల్సిన కాగితం వేల్స్ జెండా మీద సుబ్బారావు ఎర్ర డ్రాగన్ గీస్తున్నాడు. పక్కన కామేశ్వరి వెల్లుల్లి ఒలుస్తోంది.)

కామేశ్వరి: ఇంకా తోక దగ్గరే ఉన్నారా?

సుబ్బారావు: తోకతో గొడవ లేదే, కాళ్ళతోనే! ఈ బ్రిటన్‌లో డాళ్ళ మీద వంశచిహ్నాలు గీసే వాళ్ళకి పట్టింపులెక్కువ. నాలుగు కాళ్ళుంటేనే డ్రాగన్. రెండే ఉంటే వైవర్న్.

కామేశ్వరి: మీరు మూడు వేశారు.

సుబ్బారావు: నాలుగోది రెక్క చాటున ఉంది.

కామేశ్వరి: పైకెత్తాల్సిన కాలే అది! ఎదురింటి జెండా చూడండి, ముందరి కాలు ఎత్తి ఎంత దర్జాగా నిలబడిందో. అసలు కాళ్ళే లేకపోతే?

సుబ్బారావు: కాళ్ళు లేని రెక్కల పాముని ఆంఫిప్టియర్ అంటారు.

కామేశ్వరి: బీపీ మాత్ర పేరులా ఉంది.

సుబ్బారావు: అదే యూరప్‌లో అటువైపు దేశాల్లో అయితే కాళ్ళ గురించి ఇంత పట్టింపు లేదు.

కామేశ్వరి: అమ్మాయి జర్మనీలో స్థిరపడినా బాగుండేది, ఈపాటికి పడుకునేవాళ్ళం.

సుబ్బారావు: ఈ డ్రాగన్ కథ విను ముందు. వోర్టిగర్న్ అనే రాజు కోట కడుతుంటే పగలు లేపిన గోడ రాత్రికి కూలిపోయేది. మెర్లిన్ అనే మాంత్రికుడు వచ్చి, కింద మడుగుంది, అందులో రెండు డ్రాగన్లున్నాయి, తవ్వమన్నాడు. తవ్వితే ఎర్రదీ తెల్లదీ లేచి కొట్టుకున్నాయి. ఎర్రది వేల్స్ వాళ్ళది, తెల్లది వాళ్ళ శత్రువులు శాక్సన్లది.

కామేశ్వరి: కూకట్‌పల్లి ఫ్లాటు గోడ చెమ్మెక్కినప్పుడు బిల్డరూ అంతే, కింద నీళ్ళున్నాయన్నాడు. డ్రాగన్ల మాట మాత్రం ఎత్తలేదు.

సుబ్బారావు: ఇంత చరిత్ర ఉండి కూడా ఈ జెండాకి అధికారిక గుర్తింపు వచ్చింది 1959లో!

కామేశ్వరి: అప్పటిదాకా మీలాంటి వాళ్ళు కాళ్ళు లెక్కపెడుతూ కూర్చుని ఉంటారు.

సుబ్బారావు: నేల మీద ఒలికిన తల్లిపాలు తాగితే పాముకి రెక్కలొస్తాయని ఇక్కడి పల్లెల్లో నమ్మేవాళ్ళు, తెలుసా?

కామేశ్వరి: ఏటా నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తూనే ఉన్నాను, ఒక్కదానికీ ఈక కూడా మొలవలేదు.

సుబ్బారావు: నువ్వు పోసింది ప్యాకెట్ పాలు! మనమున్న ఈ గ్లామోర్గన్ ప్రాంతంలోనే, పెన్‌లిన్ కోట అడవుల్లో రెక్కల పాములుండేవట. చుట్టుకుని పడుకుంటే ఒళ్ళంతా రత్నాలు పొదిగినట్టు మెరిసేవట. కోపమొస్తే మనుషుల తలల మీదుగా ఎగిరేవట, నెమలి కన్నుల రెక్కలతో! 1909లో అచ్చయిన జానపద గాథల్లో ఉంది, ఒక ముసలాయన చెప్పింది.

కామేశ్వరి: మరి ఇప్పుడేవీ?

సుబ్బారావు: (నీరసంగా) ఆయన నాన్నా, వాళ్ళ బంధువుల్లో ఇంకో పెద్దాయనా కొన్నిటిని చంపారట. నక్కల్లాగే కోళ్ళని బతకనిచ్చేవి కావని.

కామేశ్వరి: మంచి పని చేశారు. రత్నాలు పులుసు పెట్టుకుంటారా?

సుబ్బారావు: రసికత లేని దానివే! రాజుల డాలు మీదకెక్కాల్సిన జీవిని కోడి కోసం చంపేస్తారా!

కామేశ్వరి: కోడంటే గుర్తొచ్చింది. అల్లుడి కోసం దాచిన వేపుడు ఏమైంది? మిమ్మల్ని వేపుళ్ళు ముట్టొద్దన్నాడు డాక్టరు.

సుబ్బారావు: నిన్న పెరట్లో ఒక నక్క తిరుగుతూ కనబడిందే...

కామేశ్వరి: తిన్నాక గిన్నెకి మూత పెట్టి, ఫ్రిజ్ వేసి వెళ్ళిందా అది?