బొటనవేలి సాక్ష్యం

పేదరికాన్ని సాక్ష్యాధారాలతో తగ్గించాలని ప్రపంచంలో కొందరు ఇరవై ఏళ్లకు పైగా పట్టుబట్టి కూర్చున్నారు. మన తిరుపతిలో ఆ పని ఎప్పటినుంచో జరుగుతోందని పాపం వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడ సాక్ష్యం లేనిదే ఏ పేదవాడి చేతికీ పైసా రాలదు.

మా కొర్లగుంట అవ్వనే తీసుకోండి. కపిలతీర్థం దగ్గర పూలమ్ముతుంది. నలభై ఏళ్లు కట్టీ కట్టీ బొటనవేలు నున్నగా అరిగిపోయింది. మొన్న పింఛను డబ్బు కోసం మిషన్ మీద వేలు పెడితే ఎర్రలైటు. కొంగుతో తుడిచి పెట్టింది, ఎర్రలైటు. పక్కన టీ కొట్టులో నిమ్మచెక్క అడిగి తెచ్చి రుద్ది పెట్టింది, మళ్లీ ఎర్రలైటే. "నువ్వు నువ్వేనని మిషన్ ఒప్పుకోలేదవ్వా" అన్నాడు మిషన్ పట్టుకున్న అబ్బాయి. వాళ్లమ్మకు రోజూ మూర మల్లెలు ఇచ్చేది ఈ అవ్వే. అయినా, గుర్తుపట్టడం వేరు, సాక్ష్యం వేరు.

ఇంత కట్టుదిట్టమైన పద్ధతి మన దగ్గరుండగా, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఏం చేశారయ్యా అంటే, పేదవాణ్ణి వదిలేసి పథకాన్ని పట్టుకున్నారు. నువ్వు నిజంగా పనిచేస్తున్నావా, రుజువు చూపించమన్నారు. ఎంత అమర్యాద! శిలాఫలకం, రిబ్బను, ఫ్లెక్సీ మీద నిలువెత్తు బొమ్మ ఉన్న పథకాన్ని అలా అడగొచ్చా? పైగా దానికి 2019లో నోబెల్ కూడా ఇచ్చారు.

వాళ్ల పద్ధతి తిరుపతివాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. కొండమీద ఆర్జిత సేవలకు తీసే లక్కీడిప్పే అది. కొన్ని ఊళ్లకు డిప్పులో పథకం వస్తుంది, కొన్నిటికి రాదు. కొన్నాళ్లయ్యాక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. సిఫార్సు లెటరు చెల్లదు కాబట్టే ఈ విద్య మన నాయకులకు అంతగా రుచించదనుకుంటాను.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ పల్లెల్లో పిల్లల టీకాల మీద ఇలాగే చూశారు. మామూలు ఊళ్లలో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు నూటికి 6 మంది. నెలనెలా తప్పకుండా శిబిరం పెట్టిన ఊళ్లలో 18. శిబిరానికి వచ్చినప్పుడల్లా తల్లికి కిలో పప్పు, టీకాలన్నీ అయిపోతే స్టీలు పళ్లేలు ఇచ్చిన ఊళ్లలో 39. ఇంకా ఘోరం ఏమిటంటే, పప్పు పంచినచోట ఒక్కో బిడ్డకూ అయిన ఖర్చు సుమారు సగానికి తగ్గింది. నర్సమ్మకు ఇద్దరు పిల్లలొచ్చినా ఇరవై మంది వచ్చినా ఆ రోజు జీతం ఇవ్వాల్సిందే కదా. పప్పు పోస్తే డబ్బు మిగులుతుందని తేలితే, పొదుపు పేరు చెప్పి పప్పులో కోత పెట్టేవాళ్ల గతేం కావాలి?

ఊరికే ఇస్తే విలువుండదన్న మన పెద్దల మాటనూ ఇదే పద్ధతి పట్టుకున్న మరికొందరు పరిశోధకులు వదల్లేదు. పశ్చిమ కెన్యాలో గర్భిణులకు దోమతెరలు కొందరికి ఉచితంగా, కొందరికి ధర పెట్టి ఇచ్చారు. ఉచితం కాస్తా 60 అమెరికా సెంట్లయ్యేసరికి తీసుకునేవాళ్లు నూటికి 60 మంది తగ్గిపోయారు. పోనీ, ఊరికే పుచ్చుకున్నవాళ్లు వాటిని మూల పడేశారా అంటే అదీ లేదు, కొనుక్కున్నవాళ్లలాగే కట్టుకుని పడుకున్నారు.

ఈ సంగతి అలిపిరిలో బస్సు దిగిన ఒక పెద్దమనిషికి చెప్పాను. అంతకు ముందే ఆయన ఉచితాలు జనాన్ని సోమరులను చేస్తున్నాయని నాకు పావుగంట పాఠం చెప్పి ఉన్నాడు. పొద్దున వెంగమాంబ అన్నప్రసాద భవనంలో రెండుసార్లు సాంబారు పోయించుకుని తిన్నాడట, దర్శనానికి ఇచ్చే ఉచిత లడ్డూ చేతిలోనే ఉంది. దాన్ని కవర్లో పెట్టి, ఆ కవరును తువ్వాల్లో చుట్టి, పగలకుండా బ్యాగులో బట్టల మధ్య దాచుకుంటూ, "కెన్యావాళ్ల సంగతి వేరు సార్, మనోళ్లకు ఊరికే వచ్చినదాని విలువ తెలీదు" అన్నాడు.

అప్పులిచ్చి ఉద్ధరిస్తామన్నవాళ్లకూ ఇదే మర్యాద జరిగింది. హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణాలను డిప్పు వేసి చూస్తే, కొందరి చిన్న వ్యాపారాలు కాస్త పెరిగాయిగానీ, సగటున ఇంటి ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు. మన దగ్గర ఆ రుణాల వసూళ్లు ఎంత దూరం వెళ్లాయో, 2010లో ఆర్డినెన్సు ఎందుకు తేవాల్సి వచ్చిందో అప్పు కట్టినవాళ్లకు బాగా గుర్తు.

నిన్న పూలకు వెళ్లినప్పుడు అవ్వకు ఉదయపూర్ కథంతా చెప్పాను. నోబెల్ సంగతికి తలెత్తలేదు. పప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతిలో దారం ఆపింది.

"అయితే నాయనా, ఆ కిలో పప్పుకు ఏలుముద్ర అడిగినారా?"