బావగారు పేపర్ చదవడం మొదలుపెట్టారు

వన్‌టౌన్‌లో హోల్‌సేల్ వ్యాపారి తనంతట తానే ఫోన్ చేసి సగం ధరకి సరుకిస్తానన్నాడంటే, ఆయన పేపర్ చదివాడు, మనం చదవలేదు అని అర్థం. ఈ ముక్క మా బావగారికి 2022 జూన్ ఆఖర్లో ఎవరైనా చెప్పుంటే మా అక్కకి మోకాళ్ల నొప్పులొచ్చేవి కావు. పేపర్‌కీ మోకాళ్లకీ సంబంధమేంటంటారా, ఉంది, వస్తున్నా.

బావగారికి విజయవాడలో చిన్న డిస్పోజబుల్స్ కొట్టుంది. బారసాల దగ్గర్నుంచి పెద్దకర్మ దాకా మనిషి పేరు మీద ఎన్ని భోజనాలు జరుగుతాయో అన్నిటికీ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు అక్కడ దొరుకుతాయి. పేపర్ రోజూ వేయించుకుంటారు, కాదనను. సినిమా పేజీ, రాశిఫలాలు అయిపోగానే మిగతాది స్పూన్లు చుట్టడానికి కౌంటర్ కిందకి పోతుంది. 2021 ఆగస్టు 12న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, చివరికి చెవిలో పెట్టుకునే బడ్స్‌కుండే ప్లాస్టిక్ పుల్ల కూడా తయారు చేయకూడదు, నిల్వ పెట్టకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. గడువు పది నెలల పైచిలుకు. ఆ పది నెలల్లో ఈ వార్త ఎన్నిసార్లు ఆయన చేతుల మీదుగానే పొట్లమై ఊరి మీద పడిందో ఆ దుర్గమ్మకే తెలియాలి.

ఫోన్ వచ్చిన రోజు రాశిఫలాల్లో ఆకస్మిక ధనలాభం అని ఉందట. "గోడౌన్ ఖాళీ చేస్తున్నాం గురువుగారూ, మన మనిషని మీకే చెబుతున్నా" అన్నాడట అవతలాయన. 'మీకే' అన్న మాటకి బావగారు కరిగిపోయారు. ట్రాలీ ఆటో నిండా థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు దింపుకుని, శ్రావణమాసం పెళ్లిళ్లకి ఒక్క దెబ్బతో లైఫ్ సెట్ అయిపోతుందని లెక్కేసుకున్నారు.

జులై 1 పొద్దున టీ కొట్టు దగ్గర పక్కాయన పేపర్ గట్టిగా చదువుతుంటే విషయం తెలిసింది. చట్టం ప్రకారం ఐదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని వినేసరికి, సగం టీ అక్కడే వదిలేసి వచ్చేశారు.

ఆ రాత్రే సరుకు ఇల్లు చేరింది. ఇల్లెక్కడనుకున్నారు, కొత్తపేట కొండ మీద. బండి కింద ఆగిపోతుంది, ఆ తర్వాతంతా మెట్లే. బయటి మనుషుల్ని పెడితే నలుగురికీ తెలుస్తుందని బావగారు, అక్క, పిల్లలే మూటలు మోశారు. థర్మకోల్ బరువుండదు, కానీ మూట మనిషికన్నా పెద్దది, కాలి కింద మెట్టు కనపడదు. అక్క మోకాళ్లు పోయింది అక్కడే. అటక మీద, మంచం కింద, దేవుడి గదిలో అన్నిచోట్లా ప్లేట్లే. రాత్రిపూట ఫ్యాన్ గాలికి అవి ఒకదానికొకటి రాసుకుని కీచుకీచుమంటుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇంట్లో వాడేసుకుందాం అని అక్క వాటిల్లో మజ్జిగ పోస్తే, వాడకమూ నేరమేనన్నారు బావగారు. తలుపులన్నీ మూసుకుని మజ్జిగ తాగే కుటుంబాన్ని నేను మొదటిసారి చూశాను.

కొట్లో పరిస్థితి ఇంకా ఘోరం. చేతిలో ఫైలున్న మనిషి ఎవరొచ్చినా కార్పొరేషన్ వాళ్లే అని టెన్షన్. ఒకాయన ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి "థర్మకోల్ ప్లేట్లు ఉన్నాయాండీ?" అనడిగాడు.

"థర్మకోలా? అంటే ఏంటండీ?" అన్నారు బావగారు.

ఆయన ఏమీ మాట్లాడకుండా తలెత్తి బోర్డు వైపు చూశాడు. బోర్డు మీద కొట్టు పేరుకన్నా పెద్దగా థర్మకోల్ ప్లేటు బొమ్మ, అందులో నోరూరించే బిర్యానీ! పాపం, మనవరాలి అన్నప్రాసనకి వచ్చిన మనిషి. ఫైల్లో ఉన్నది ఆయన ఎక్స్‌రేలట.

ఆఖరికి పాత సామాన్లవాణ్ణి పిలిచాం. మూట కాటా మీద పెడితే ముల్లు కదల్లేదు. వాడు మూటని, బావగారిని మార్చి మార్చి చూసి, "నాకే ఏమైనా ఇస్తే పట్టుకెళ్తా సార్" అన్నాడు.

అదే జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ వచ్చింది. పక్కనున్న బియ్యం కొట్టాయన హడావిడి ఏమీ పడలేదు, 26 కిలోల బస్తాలు దింపుకున్నాడు. కిలో పెరిగింది, పన్ను పోయింది. ఆ బస్తాలు చూసినప్పుడల్లా బావగారికి కడుపు మండిపోయేది.

దాంతో నోటిఫికేషన్ ప్రింట్ తీయించుకొచ్చారు. క్యారీ బ్యాగు మందం 75 మైక్రాన్లుండాలి అని ఉంటే దాని కింద ఎర్ర గీత గీసి, ఈసారి అంతా రూలు ప్రకారమేనని 75 మైక్రాన్ల కవర్లు గుట్టలుగా కొన్నారు. ఎర్ర గీత అవతలి మాట చదవలేదు. అక్కడ, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లు అని ఉంది. అటక మళ్లీ నిండింది. అక్క ఈసారి మెట్ల దగ్గరే కూర్చుండిపోయి, "నేనెక్కను, కావాలంటే నన్నూ మోసుకెళ్లండి" అంది.

ఇప్పుడు కొట్లో విస్తళ్లు అమ్ముతున్నారు. వాటికి నిషేధం లేదు, జీఎస్టీ కూడా లేదు. మనిషే పూర్తిగా మారిపోయారు. కాళేశ్వరరావు మార్కెట్లో వంకాయలు కొన్నా కవరు రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది 120 ఉండదే" అంటారు. వంకాయలమ్మి "ఉంటే తీసుకో బాబూ, లేకపోతే సంచీ తెచ్చుకో" అంటుంది. రాశిఫలాలు మానేశారు. జీఎస్టీ కౌన్సిల్ మీటింగంటే క్రికెట్ ఫైనల్ కింద లెక్క, ఆ పూట కొట్టు కట్టేసి టీవీ ముందే.

2025 సెప్టెంబర్ 3న అలాగే కూర్చున్నారు. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, 22 నుంచి అమలు అనగానే ఇంట్లో ఆర్డర్ జారీ అయింది: 22 దాకా ఏ ఒక్కటీ కొనడానికి వీల్లేదు. ట్యూబు కోసి గీకడం అయ్యాక పిల్లలకి వేపపుల్లలిచ్చారు, తలంటుకి కుంకుడుకాయలు. దసరా మొదలయ్యేదీ 22నే. కాబట్టి అమ్మవారి దర్శనానికి నేను ముందు రోజే దిగాను. పొద్దున్నే నాకూ ఒక వేపపుల్ల ఇచ్చి, ఒక్క ట్యూబు మీద ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్కేసి చూపించారు. ఆటో చార్జీకి కూడా సరిపోదు బావగారూ అంటే, "ఇది డబ్బు గురించి కాదోయ్, అవగాహన" అన్నారు.

ఆయన స్నానానికి వెళ్లగానే అక్క నన్ను వంటింట్లోకి లాగి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కొత్త పేస్టు తీసింది. 5వ తారీఖునే కొని దాచిందట.

"తొందరగా కానియ్‌రా, పిల్లలు కూడా రోజూ ఇక్కడే తోముకుంటున్నారు" అంది.